లీటరుకి పది

పది అనే అంకె మా ఆయన ఎక్కడి నుంచి తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ అసలు మాట బయటపెట్టారు.

"మా ఆఫీసులో ఒకాయన చిన్న కారు అమ్మేస్తున్నాడు. రెండేళ్ళది. మన జీపు ఇచ్చేసి అది తీసుకుందాం అనుకుంటున్నా."

"జీపుకేమైంది? బాగానే నడుస్తోందిగా?"

"నడవడానికేం, బ్రహ్మాండంగా నడుస్తుంది. తాగడమే ఆపదు. కొత్తిమీర కట్ట కోసం ఏనుగెక్కి బజారుకెళ్ళినట్టుంది మన పని."

"ఏనుగే నయంరా," అన్నారు మా అత్తయ్య, పళ్ళెం జరుపుతూ. "ఎక్కుతానంటే అదే వంగుతుంది. దీన్ని ఎక్కాలంటే నాకు స్టూలు కావాలి."

మా జీపు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. బురదలో, కొండల్లో తిరగడానికి పుట్టిన బండి. మా ఆయన ఆనకట్ట పని మీద కొండల్లో ఉన్న తొమ్మిదేళ్ళూ అదే మమ్మల్ని మోసింది. నేను నడపడం నేర్చుకున్నదీ దాని మీదే. రెండేళ్ళ క్రితం ఆయనకు ఊళ్ళో ఆఫీసుకు బదిలీ అయింది. ఆయన ఆఫీసు బస్సులో వెళతారు కాబట్టి జీపు నా చేతికి వచ్చింది. పొద్దున మా అమ్మాయిని బడిలో దింపి వస్తాను, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొస్తాను. బడి ఊరికి ఆ కొసన ఉంది. ఒకవైపు పంతొమ్మిది కిలోమీటర్లు.

"మరి దాని బడి?" అని అడిగాను.

"వ్యాను వీధి చివరిదాకా వస్తుందట. నేను కారులో ఆఫీసుకు పోతా. నీకూ శ్రమ తప్పుతుంది కదా."

నాకు శ్రమ తప్పించమని నేను ఎవరినీ అడగలేదు. ఆ మాట అనలేదు. "తాగడం తగ్గిస్తే?" అన్నాను.

"ఎంతకి తగ్గిస్తావు?"

"మీరే చెప్పండి."

ఆయన చేతులు తుడుచుకుంటూ కాసేపు పైకప్పు వైపు చూశారు. "లీటరుకి పది ఇవ్వనీ. నెలాఖరుకి. ఇస్తే ఉంచుదాం. ఇవ్వకపోతే మాత్రం ఇంకో మాట ఉండకూడదు."

సరే అన్నాను.

నా బాధ జీపు గురించి కాదు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఏడాది నుంచి అది ఇంట్లో మాట్లాడటం మానేసింది. కోపమేమీ లేదు. భోజనానికి పిలిస్తే వస్తుంది, తింటుంది, గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. ఏం అడిగినా "ఊ", "లేదు", "తెలీదు". ఈ మూడు మాటలతో రోజు గడిపేస్తుంది. కానీ జీపులో నా పక్కన కూర్చుని, ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ ఉన్నప్పుడు దాని నోరు తెరుచుకుంటుంది. ఎదురెదురుగా ముఖాలు చూసుకోనక్కర్లేదనో, దిగేవేళ ముందే తెలుసు కాబట్టో, కారణం నాకు తెలియదు. సైన్సు టీచరు తనని బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు చేతులు వణికాయని అక్కడే చెప్పింది. స్నేహితురాలు ఒకతె మాట మానేసిందని కూడా అక్కడే చెప్పింది. ఇంటి గేటు దగ్గర ఇంజను ఆపగానే ఆ పిల్ల మళ్ళీ మూడు మాటల పిల్ల అయిపోతుంది.

ఇది మా ఆయనకు చెప్పవచ్చు. కానీ నాతో మాట్లాడుతుందంటే, మీతో మాట్లాడదని చెప్పినట్టు అవుతుంది కదా. అందుకని లీటర్లతో నెగ్గుకొద్దాం అనుకున్నాను.

మొదటి వారం ఏమీ మార్చకుండా కొలిచాను. బంకులో మూడో పంపు దగ్గర నేల చదునుగా ఉంటుంది. అక్కడే ఆపి, గొట్టం మొదటిసారి టక్కున ఆగేదాకా నింపించి, జీపు మీటరు సున్నా చేశాను. వారం తర్వాత అదే పంపు, మళ్ళీ మొదటి టక్కు దాకా. పంపు దగ్గరి అమ్మాయి ఇంకాస్త పోస్తానంటే వద్దన్నాను. "ఇంకో గుక్క పడుతుంది మేడమ్," అంది ఆశగా. తిరిగిన దూరాన్ని పోసిన డీజిలుతో భాగిస్తే ఏడు పాయింటు ఎనిమిది వచ్చింది.

పదికీ దానికీ మధ్య రెండుకు పైనే ఉంది. నాకు దిగులేసింది.

సలహాలకేం కొరత లేదు. మా మరిది ఫోనులో అరగంట చెప్పాడు. "వదినా, క్లచ్చు మీద కాలు వెయ్యొద్దు, ఏసీ వెయ్యొద్దు, కిటికీలు తెరవొద్దు." "మరి ఊపిరి పీల్చుకోవచ్చా?" అని అడిగాను. నవ్వేశాడు.

మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. మా వీధిలో ఆయన్ని అందరూ గొణుగుడు మేస్త్రీ అంటారు. మనుషులతో తక్కువ, ఇంజన్లతో ఎక్కువ మాట్లాడతాడు. జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరు మీద అరచేత్తో కొట్టి, "గాలి ఎంత పెడుతున్నారమ్మా?" అన్నాడు.

చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు, నేనేదో అసభ్యంగా మాట్లాడినట్టు.

"ఇంత తక్కువా? ఇదేమన్నా బురదలో దున్నుతోందా?"

దున్నేది. కొండల్లో మట్టిలో పట్టు దొరకాలని గాలి తగ్గించి తిరిగేవాళ్ళం. ఊరికి వచ్చి రెండేళ్ళయినా బంకులో నేను అదే అంకె చెబుతున్నాను. ఎందుకో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి జీపును ఖాళీ చేశాను. పైన ఇనప క్యారియరు, రెండో స్టెప్నీ, రెండు డీజిలు డబ్బాలు, పార, గొలుసు, చక్రం కింద వేసే చెక్కలు. కొండ దిగి వచ్చిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ స్నానాల గదిలోని తూకం మీద పెట్టి చూశాను. తొంభై నాలుగు కిలోలు.

"అంటే రోజూ మీకంటే బరువైన మనిషిని ఒకరిని ఊరికే తిప్పుతున్నా అత్తయ్యా."

"మధ్యలో నా బరువెందుకమ్మా," అన్నారు ఆవిడ. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని తూకం ఎక్కి చూసుకున్నారు.

మర్నాడు దారిలో మా అమ్మాయికి పందెం సంగతి చెప్పాను. వ్యాను సంగతి కూడా. అది ఒళ్ళో సంచీ జిప్పు తెరిచింది, మూసింది. తర్వాత, "ఎర్ర లైటు వస్తోంది, కాలు తియ్యి," అంది.

"ఇంకా దూరం ఉందిగా."

"అందుకే. ఇప్పుడే తీసేస్తే దొర్లుకుంటూ వెళ్ళి ఆగుతుంది. ఎలాగూ ఆగేదానికి పరుగెత్తడం ఎందుకు?"

అప్పటి నుంచి అది నాకు కాపలా అయింది. "గేరు మార్చు." "యాభై దాటావు." "అమ్మా, ముందు బస్సు ఆగేలా ఉంది, దానికి అంత దగ్గరికి వెళ్ళకు." సాయంత్రం బడి దగ్గర ఇంజను నడుస్తుండగా ఏసీలో కూర్చోవడం మానేసి, బయట గోడ నీడలో నిలబడ్డాను. రెండో వారం చివర లెక్క వేస్తే ఎనిమిది పాయింటు నాలుగు.

పెరిగింది. కానీ ఇంక తీసెయ్యడానికి జీపులో ఏమీ మిగల్లేదు, సీట్లు తప్ప.

గొణుగుడు మేస్త్రీ ఈసారి టైర్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇవి ఉన్నంత కాలం ఇంతేనమ్మా. కంపెనీ ఇచ్చిన సైజు కాదు. బాగా పెద్దవి, పైగా ఈ గట్లు చూడండి. తారురోడ్డు మీద వీటిని లాగడానికే సగం నూనె పోతుంది. నా దగ్గర కంపెనీ సైజువి నాలుగున్నాయి, సన్నటి గీతలవి. ఒకాయన ఇలాంటి పెద్దవే కావాలని నా ప్రాణం తీస్తున్నాడు. మార్చి ఇమ్మంటే ఇస్తా."

మార్చేశాను. జీపు పొట్టిదయింది. అత్తయ్య స్టూలు లేకుండా ఎక్కి, గెలిచినట్టు చుట్టూ చూశారు.

మూడో వారం చివర మూడో పంపు దగ్గర నిలబడి లెక్క వేశాను. నమ్మకం కలగక మళ్ళీ వేశాను. పది పాయింటు రెండు.

సాయంత్రం మా ఆయనకు కాగితం చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూశారు. "ఏడు నుంచి పదికా! నువ్వు మా సైట్లో ఉండాల్సింది," అన్నారు. నిజంగా సంతోషించారు. అక్కడే ఫోను తీసి, కారు వద్దని ఆఫీసాయనకు చెప్పేశారు. మా అమ్మాయి గది తలుపు సందులోంచి చూసి, నా వైపు బొటనవేలు పైకెత్తి, తలుపు వేసుకుంది.

అక్కడితో అయిపోవాలి. కానీ ఆ వారమంతా నన్నొక చిన్న విషయం గుచ్చుతూనే ఉంది. బడికి ఆలస్యంగా చేరుతున్నాం.

ఇంటి దగ్గర బయలుదేరే సమయం మారలేదు. దారి మారలేదు. స్పీడు ముల్లు యాభై మీదే ఉంచుతున్నాను, ముందూ అంతే. అయినా బడి గేటు మూసేవేళకు గాని చేరడం లేదు. ఒకరోజు గుడ్ల బుట్టలు కట్టుకున్న మోపెడ్ ఆయన మమ్మల్ని దాటుకుని వెళ్ళాడు. పోతూ పోతూ మా వైపు జాలిగా చూశాడు.

"అమ్మా, నువ్వు నిజంగా యాభైలోనే వెళ్తున్నావా?"

"చూడు, ముల్లు ఎక్కడుందో."

"ముల్లు అక్కడే ఉంది. మనమే లేం," అంది మా అమ్మాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. వారం మొత్తం తిరిగిన దూరం చాలా ఎక్కువ వచ్చింది. అత్తయ్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను కదా, అందుకే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, డాక్టరు ఉండేది ఆరు కిలోమీటర్ల దూరంలో. వెళ్ళిరావడానికి పన్నెండు. నాకు ఎక్కువ కనిపించింది యాభైకి పైగా.

సోమవారం ఇంటి గేటు దగ్గర మీటరు సున్నా చేసి బయలుదేరాను. బడి గేటు దగ్గర చూస్తే ఇరవై ఒకటి.

పంతొమ్మిది ఇరవై ఒకటి ఎలా అవుతుంది? రోడ్డు సాగిందా? నేనేదైనా సందులోకి తిరిగానా? తిరిగి వచ్చేటప్పుడు కొలిస్తే మళ్ళీ ఇరవై ఒకటే. ఇంట్లో స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడి ఆలోచించాను. చక్రం చిన్నదయింది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. మీటరు చుట్లనే లెక్కపెడుతుంది, రోడ్డును కాదు. అంటే మీటరు ఇప్పుడు ఎక్కువ చెబుతోంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఇప్పుడున్నవి కంపెనీ సైజు టైర్లు. మీటరు కూడా కంపెనీదే. ఆ రెండింటికీ కుదరాలి కదా? అలాగైతే ఇప్పుడు చెబుతున్న ఇరవై ఒకటే నిజం, రెండేళ్ళుగా చూసిన పంతొమ్మిదే అబద్ధం. అప్పుడు నా పది కూడా నిజం.

నాకు పనికొచ్చే జవాబు అదే. అందుకే దాని మీద నాకు నమ్మకం కుదరలేదు.

మంగళవారం పొద్దున పెద్ద రోడ్డు మీద కిలోమీటరు రాయి పక్కన జీపు ఆపాను. మీటరు సున్నా చేశాను. మా అమ్మాయి కిటికీ లోంచి తల బయటపెట్టి రాళ్ళు లెక్కపెట్టింది. పదో రాయి పక్కన ఆగాం.

"ఎంతమ్మా?"

"పదకొండు పాయింటు ఒకటి."

"రాళ్ళు తప్పుగా పాతారేమో," అంది. గొంతులో ఆశ ఉంది.

"పదీ తప్పుగా పాతుతారా?"

అది తల లోపలికి తీసుకుని అద్దం ఎక్కించింది. కాసేపటికి, "నాన్నకి చెబుతావా?" అంది.

"ముందు నాకు అర్థం కానీ."

"అర్థం కాకపోతే చెప్పక్కర్లేదుగా," అంది, అటువైపు తిరిగి.

దాన్ని బడిలో దింపి నేరుగా గొణుగుడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పిందంతా విని, జీపు కిందికి దూరి, గేరుపెట్టె పక్కనుంచి మీటరుకు వెళ్ళే తీగ విప్పాడు. దాని కొసన వేలిగోరంత పళ్ళచక్రం ఒకటి ఉంది. బయటికి తెచ్చి, గుడ్డతో తుడిచి, పళ్ళు లెక్కపెట్టాడు. ఒకసారి గొణుక్కుంటూ, ఇంకోసారి పైకి.

"పద్దెనిమిది. దీనికి ఇరవై ఉండాలమ్మా. ఎవరో మార్చారు."

"ఎందుకు మారుస్తారు?"

"పెద్ద టైర్లు వేసినప్పుడు మీటరు తక్కువ చూపిస్తుంది. అది సరిచెయ్యడానికి ఇది వేస్తారు. ఎవరో బుద్ధిగా పని చేసిన మనిషి. మేమెవరం ఇంత శ్రద్ధ తీసుకోం. మీటరు పెద్ద టైర్లకు సరిపోయింది. ఇప్పుడు చిన్నవి వేశాం, దీన్ని వదిలేశాం. అందుకే ఎక్కువ చూపిస్తోంది."

"అంటే ముందు చెప్పిన ఏడు పాయింటు ఎనిమిది..."

"నిజం."

"పది పాయింటు రెండు?"

ఆయన పళ్ళచక్రాన్ని నా అరచేతిలో పెట్టాడు. "అందులోంచి పదో వంతు తీసెయ్యండి," అని, మళ్ళీ ఏదో గొణుక్కున్నాడు.

తొమ్మిది పాయింటు రెండు.

ఇంటికొచ్చి వంటింట్లో అత్తయ్యకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలిపోయేలా ఉంది. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు. ఎంత అర్థమైందో తెలియదు గానీ, అసలు సంగతి మాత్రం పట్టుకున్నారు.

"మీటరు తప్పు చెప్పింది. నువ్వు చెప్పలేదు కదా?"

"లేదు."

"వాడు నిన్నేమైనా అడిగాడా, మీటరు సరిగ్గా ఉందా అని?"

"లేదు."

"మరి నీకేంటి దురద? వాడు కారు వద్దన్నాడు. పిల్ల సంతోషంగా ఉంది. నాకు స్టూలు తప్పింది. అందరికీ బాగుంటే నీకొక్కదానికే అజీర్తి చేసిందేం?"

ఆవిడ మాట తప్పనిపించలేదు. ఆ రోజంతా ఏ పని చేసినా అంకెలే. ఏడు నిజం, పది అబద్ధం, తొమ్మిది నిజం. ఏడు నుంచి తొమ్మిదికి తెచ్చింది నేనే, అదీ నిజమే. కానీ ఆయన అడిగింది తొమ్మిది కాదు. ఉతికిన బట్టలు మడత పెడుతూ ఒకే చొక్కాను రెండుసార్లు విప్పి మడిచాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే చెప్పేశాను. ఆలోచిస్తే చెప్పలేనని తెలుసు. పళ్ళచక్రం బల్ల మీద పెట్టాను.

ఆయన ఒక బూటు కాలికి ఉండగానే దాన్ని తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూశారు. ముఖం మారింది.

"ఇది నేనే పెట్టించాను."

"మీరా?"

"సైటు రోడ్డు మీద రాళ్ళు ఉండేవి గుర్తుందా? మూడు నెలలకోసారి ప్రతి బండి మీటరూ ఆ రాళ్ళతో సరిపోవాలి. లేకపోతే డీజిలు ఇచ్చేవాళ్ళు కాదు. పెద్ద టైర్లు వేయించినప్పుడు వర్క్‌షాపులో చెప్పి ఇది మార్పించాను. కాగితం మీద సంతకం కూడా నాదే." దాన్ని ఇంకోసారి తిప్పి చూసి, "సుబ్బరంగా మర్చిపోయాను," అన్నారు.

"ఇప్పుడు అసలు లెక్క తొమ్మిది పాయింటు రెండండీ."

"పది కాదు."

"కాదు."

ఆయన రెండో బూటు విప్పారు. సాక్సు లాగి, మళ్ళీ సగం వేసుకుని, మళ్ళీ తీశారు. "ఇదంతా నాకెందుకు చెప్పావు?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. "కారు వద్దని చెప్పేశానుగా."

"మీరు పది అన్నారు కాబట్టి."

"అన్నాననుకో..." అని ఆగిపోయారు. పళ్ళచక్రాన్ని బల్ల మీద నాణెంలా దొర్లించారు. "దీన్ని మళ్ళీ బిగించి రేపు అమ్మాయిని బడికి నేను తీసుకెళ్తా. రాళ్ళు నేను చూస్తా."

నా మాట నమ్మలేదా, లేక తను అంత మర్చిపోయారంటే నమ్మలేకపోతున్నారా, నాకు తెలియలేదు. సరే అన్నాను.

బుధవారం పొద్దున వాళ్ళిద్దరూ వెళ్ళారు. గేటు దగ్గర నిలబడి చూశాను. జీపు ఒక్క ఉదుటున మూల తిరిగింది. అలా తిప్పితే ఎంత డీజిలు పోతుందో అనుకున్నాను. తర్వాత ఇంట్లోకి వచ్చి ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను. రెండేళ్ళలో బడి రోజున ఆ సమయానికి ఇంట్లో ఉండటం అదే మొదలు. ఇల్లు నాకు కొత్తగా కనిపించింది, పెద్దగా నచ్చలేదు కూడా.

ఆయన గంటన్నర తర్వాత వచ్చారు. ఆఫీసుకు ఆలస్యమైనా తొందరపడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"పదకొండు పాయింటు ఒకటి. నువ్వు చెప్పింది కరెక్టే."

"ఊ."

"అది దారంతా బయటికి చూస్తూ కూర్చుంది. నేనే అడిగాను, చదువెలా ఉంది, స్నేహితులెలా ఉన్నారు అని. 'ఊ' అంది. 'లేదు' అంది. దిగేటప్పుడు 'గేరు మార్చాలి నాన్నా, ఇంజను అరుస్తోంది' అంది. అదొక్కటే పెద్ద మాట." ఆయన గుమ్మాన్ని గోరుతో గీశారు. "నీతోనూ ఇంతేనా?"

ఇంతే అంటే సరిపోయేది. ఆయనకు బాధ ఉండేది కాదు. కానీ అప్పుడు జీపు ఉండటానికి కారణమే లేదు. అది నిజమూ కాదు. కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టాను.

"నాతో మాట్లాడుతుంది," అన్నాను.

"జీపులోనా?"

"జీపులోనే. ఇంట్లో నాతోనూ మాట్లాడదు."

"ఏం మాట్లాడుతుంది?"

"చాలా." అంతకంటే ఏం చెప్పాలి? వణికిన చేతుల సంగతి చెప్పనా? అవి దాని మాటలు. "అడిగితే చెప్పదండీ. అడక్కుండా ఉంటే చెబుతుంది."

అత్తయ్య ముందుగదిలో పేపరు తిరగేస్తున్న చప్పుడు ఆగిపోయింది. వింటున్నారని ఇద్దరికీ తెలుసు.

"మొదటి రోజు నుంచే మాట్లాడిందా?"

"లేదు. మూడు నెలలు పట్టింది."

"మూడు నెలలా!" వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. తర్వాత, ఆఫీసులో ఎవరికో పని పంచుతున్నట్టు, "మంగళవారం, శుక్రవారం నేను దింపుతా," అన్నారు. "ఆ రెండు రోజులూ ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెబుతా. మిగతా మూడూ నువ్వు. సాయంత్రాలన్నీ నీవే."

"దేంట్లో దింపుతారు?"

"దేంట్లో ఏంటి? దీంట్లోనే. మేస్త్రీకి చెప్పి ఆ ఇరవై పళ్ళది వేయించు. మీటరు అలా ఉంటే ఎవరికీ మంచిది కాదు."

జీపు ఉంటుందని అర్థం. నాకు ఆ సంగతి బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక కూడా పూర్తిగా సంతోషం రాలేదు. అయిదు ఉదయాలు మూడయ్యాయి. ఇచ్చింది నేనే. అడిగింది ఆయన. అడగడంలో తప్పేముంది? తండ్రి కదా. అయినా శుక్రవారం పొద్దున అది చెప్పే మాట ఏదైనా ఉంటే, అది నాకు చేరదు. ఆయనకూ చేరదేమో, మూడు నెలలదాకా.

"మీ కాలు చాలా బరువండీ," అన్నాను. ఇంకేం అనాలో తెలియక. "మీరు రెండు రోజులు నడిపితే తొమ్మిది మళ్ళీ ఎనిమిదికి దిగుతుంది."

"దిగనీ," అన్నారు ఆయన. ఇంకో బస్సు ఎప్పుడుందోనని గోడ గడియారం చూస్తూ, "ఎర్ర లైటు దగ్గర ఎంత ముందు తియ్యాలి కాలు? నాకు సరిగ్గా చెప్పు," అన్నారు.

చెప్పాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, కుడికాలు గాలిలో పైకీ కిందికీ ఆడిస్తూ విన్నారు.